గవరయ్య బస్సు చేరకూడదు

లక్ష్మీనరసమ్మ నవ్విందంటే డయాలసిస్ మిషను కూస్తుంది. ఆ వార్డులో ఇది అందరికీ తెలిసిన సంగతే. ఎడమచేతిలో రెండు సూదులుంటాయి, వాటినుంచి మిషనుకి రెండు గొట్టాలుంటాయి, నాలుగు గంటలపాటు ఆ చెయ్యి కదలకూడదు. ఆవిడ నవ్వేమో పెదాల దగ్గర ఆగే రకం కాదు. భుజాలెగురుతాయి, చెయ్యి జరుగుతుంది, మిషను ఎర్రదీపం వెలిగించి గగ్గోలు పెడుతుంది. టెక్నీషియన్ ఉష చేతిలో పని వదిలేసి పరిగెత్తుకొస్తుంది.

"మళ్ళీ ఏటమ్మా?"

"ఏటీ నేదే తల్లీ. బస్సు ఆగిపోనాది."

ఈ మాటకి కొత్తగా వచ్చిన రోగులు కంగారుపడి ఏ బస్సని అడుగుతారు. పాతవాళ్ళు అలా అడగరు. "ఈసారెక్కడ ఆగినాది?" అంటారు.

నరసమ్మది ఉద్దానంలో కవిటి పక్క ఊరు. ఆ ప్రాంతం మనుషులకి మూత్రపిండాలెందుకు పాడవుతున్నాయో తేల్చడానికి ఎందరో పెద్దలొచ్చారు. సీసాల్లో నీళ్ళు పట్టుకెళ్ళారు, పొట్లాల్లో మట్టి కట్టుకెళ్ళారు. ఇదీ కారణమని ఇంతవరకూ ఒక్కరూ గట్టిగా చెప్పలేదు. వాళ్ళు చెప్పేదాకా ఊపిరి బిగపట్టుకుని కూర్చోవడం ఎవరివల్లా కాదు కదా. బతకాలి. అది కూడా వారానికి మూడుసార్లు మిషనెక్కి బతకాలి. నరసమ్మది మంగళ, గురు, శనివారాల మధ్యాహ్నం షిఫ్టు.

ఆవిడ మొదట్లో ఇలా నవ్వే మనిషిగా ఉండేది కాదు. జబ్బని తేలిన కొత్తల్లో గోడవైపు తిరిగి పడుకున్న మనిషి ఇటు తిరగలేదు. చుట్టూ కొబ్బరితోట, పెరట్లో చేతికందే ఎత్తులో గెలలు, ఆవిడేమో కొబ్బరినీళ్ళు ముట్టకూడదు. మామూలు నీళ్ళయినా గ్లాసుతో కొలిచి తాగాలి. అరటిపండు తినకూడదు, పనసతొన వాసన చూసి ఊరుకోవాలి. చేపలమ్మేవాళ్ళతో గంటసేపు బేరమాడి, వాళ్ళని నవ్వించి, చివరికి రెండు చేపలు ఎక్కువ వేయించుకునే మనిషి. అలాంటిది, చేపలబుట్ట గుమ్మంలో దిగినా తల తిప్పి చూడడం మానేసింది. మొగుడు తిరుమలరావు అసలే మాటలు తక్కువ మనిషి. ఇంట్లో మాటలన్నీ ఆవిడే మాట్లాడేది కాబట్టి ఇన్నాళ్ళూ ఆయనకా అవసరం పడలేదు. ఇప్పుడేం మాట్లాడాలో తెలియక, బండి మీద ఆసుపత్రికి తీసుకెళ్ళి, మళ్ళీ తీసుకొచ్చి, మంచం పక్కన కూర్చునేవాడు. పాపం, ఆయనకి చేతనైంది ఆయన చేశాడు.

ఒకరోజు చేతికి చుట్టుకోవడానికి మెత్తటి పాతచీర కోసం నరసమ్మ ట్రంకుపెట్టె తెరిచింది. అడుగున ఓ లావుపాటి కట్ట దొరికింది. అన్నీ వారపత్రికల్లోంచి కత్తిరించిన పేజీలే. పొందూరు నూలు దారంతో అంచు కుట్టి ఉన్నాయి. పైపేజీ మీద వాలిపోయిన బస్సు బొమ్మ, దాని కింద బొటనవేలంత ఫోటోలో లావు కళ్ళద్దాల మనిషి. దుప్పలపూడి సోమలింగం రాసిన హాస్య సీరియల్ 'గవరయ్య బస్సు'. నరసమ్మ పెట్టె పక్కనే చతికిలబడి మొదటి పేజీ తిప్పింది. తిరుమలరావు వీధిలో ఎవరితోనో మాట్లాడుతున్నవాడు లోపల్నుంచి వచ్చిన చప్పుడుకి హడలిపోయి పరిగెత్తుకొచ్చాడు. భార్య కళ్ళనీళ్ళు కారుతున్నాయి. అవి నవ్వు తెచ్చిన నీళ్ళని అర్థం కావడానికి ఆయనకి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక గుమ్మంలోనే కూలబడి ఆయన ఏడ్చాడు.

ఆ కట్ట సంగతి తెలియాలంటే నరసమ్మ పుట్టిల్లు చూడాలి. పొందూరులో వాళ్ళ వీధి వరండాలో ఆడవాళ్ళంతా కలిసి కూర్చునేవాళ్ళు. వాలుగ చేప దవడతో పత్తి దువ్వేవాళ్ళు కొందరు, రాట్నం తిప్పేవాళ్ళు కొందరు. చేతులకి పనే గానీ చెవులకి పనిలేదు. వాళ్ళందరిలో చదువొచ్చింది నరసమ్మ ఒక్కతెకే. అందుకని ఆ పిల్ల చేత వారపత్రిక చదివించుకునేవారు. దానికో లెక్కుండేది. చదివినంతసేపూ ఆ పిల్ల వాటా పత్తి మిగతావాళ్ళు దువ్విపెట్టాలి. పని ఎగ్గొట్టడానికి ఇంతకంటే మంచి ఉపాయం నరసమ్మకి మళ్ళీ జన్మలో దొరకలేదు.

ఎందరివో సీరియళ్ళు చదివింది గానీ, ఆ వరండాకి ఇష్టమైనవాడు సోమలింగం ఒక్కడే. ఆయన కథలో దొంగని చూసినా జాలేసేది, పెద్దమనిషిని చూస్తే నవ్వొచ్చేది. గవరయ్య అనేవాడు ఓ డొక్కుబస్సు ఆసామి. గజపతినగరంలో పెళ్ళివారిని ఎక్కించుకుని, బొబ్బిలి అవతల పెళ్ళికూతురి ఊరికి బయలుదేరతాడు. ఆ బస్సు చేరదు. ప్రతి వారం ఒక ఊళ్ళో ఆగుతుంది. ఆగిన ప్రతి ఊళ్ళోనూ ఏదో ఒక కార్యం జరుగుతూ ఉంటుంది. వీళ్ళని తమ చుట్టాలనుకుని ఆ ఊరివాళ్ళు లాక్కుపోతారు. ఒకచోట బారసాలలో పిల్లకి పేరు పెట్టి వస్తారు, ఒకచోట పంచాయితీకి తీర్పు చెప్పి వస్తారు, మరోచోట ముక్కూమొహం తెలియని ముసలాయన దినానికి కూర్చుని, ఆయన మంచితనం తలుచుకుని నిజంగానే ఏడ్చి వస్తారు. పెళ్ళికొడుకు మాత్రం ప్రతి ఊళ్ళోనూ తన బాసికం తీసి జాగ్రత్తగా టోపీలో పెట్టుకుంటాడు.

నరసమ్మ తల్లి తవిటమ్మకి అక్షరం ముక్క రాదు. బస్సు బొమ్మనీ, కళ్ళద్దాల ఫోటోనీ ఆనవాలు పట్టి, వారం వారం ఆ పేజీలు కత్తిరించి, తన చేత్తో వడికిన నూలుతోనే కుట్టి దాచేది. ఇంతలో నరసమ్మకి పెళ్ళయి ఉద్దానం వెళ్ళిపోయింది. ఆషాఢానికి పుట్టింటికొచ్చి, చెప్పులిప్పుతూనే అడిగింది.

"అమ్మా, బస్సు సేరినాదా?"

"ఏ బస్సే?" అంది తవిటమ్మ. "అదెప్పుడో అయిపోనాది కదే. సదివే పిల్లవి నువ్వే ఎల్లిపోనావు. ఇంక కతేటుంటాది?"

ఆ వీధికి అంతటితో కథ ముగిసినట్టే. కూతురు పెళ్ళయిన వారం నుంచీ తవిటమ్మ పత్రిక కొనడమే మానేసింది. తల్లి మాటకి నరసమ్మ కోప్పడదామనుకుని, కోప్పడలేకపోయింది. తల్లి కుట్టి దాచిన కట్టని తన పెట్టెలో పెట్టుకుని తెచ్చేసుకుంది. తర్వాత విజయనగరంలో పాతపుస్తకాల వాళ్ళనీ, లైబ్రరీ వాళ్ళనీ అడిగింది. సీరియల్ పుస్తకంగా రాలేదన్నారు. పత్రిక మూతపడింది. సోమలింగం కూడా పోయాడని ఎక్కడో చిన్న వార్త చదివింది. ఆ రోజు ఇంట్లో వంట చెయ్యలేదు. ఎవరు పోయారని అత్తగారడిగితే, మా మేనమావ అని చెప్పి ఊరుకుంది.

అదీ ఆ కట్ట. దాన్ని నరసమ్మ సంచిలో పెట్టుకుని ఆసుపత్రికి తెచ్చుకోవడం మొదలుపెట్టింది. మొదట్లో తనలో తనే చదువుకునేది. మిషను కూసేది. ఎదురు మంచం మీది రిటైర్డ్ హెడ్మాస్టరు కృపానిధి ఒళ్ళో బైబిలు మూసి, "ఇది ఆసుపత్రి కదమ్మా" అన్నారు. మరుసటి షిఫ్టులో ఆయనే, "నవ్వితే నవ్వారు గానీ, కాస్త పైకి చదివితే మాకూ తెలుస్తుంది" అన్నారు. అప్పట్నుంచి పైకే చదవడం. పక్కమంచం మనిషి మాత్రం వినేవాడు కాదు. అతను గంగులు. ముప్పై ఏళ్ళు లారీ తోలినవాడు. ఇప్పుడు సూదులు పెట్టించుకోగానే దుప్పటి మొహం మీదకి లాక్కునేవాడు. నాలుగు గంటలయ్యాకే దాన్ని తీసేవాడు.

ఒక గురువారం అతను దుప్పటి లాక్కోలేదు. సూదులు పెడుతున్న ఉషతో మామూలు గొంతుతోనే అన్నాడు.

"నా పేరు తీసీ అమ్మా. శనివారం నుంచి నాను రాను."

"ఊరెళ్తన్నావా?"

"ఎక్కడికీ ఎల్లను. ఇంటికాడే ఉంటాను. సాలు. దేశమంతా తిరిగినోడిని, ఈ మంచానికి కట్టేసుకుని ఎన్నాళ్ళు?"

రావడం మానేస్తే ఏమవుతుందో అక్కడ ఒకరు చెప్పక్కర్లేదు. ఆ మధ్య మూలమంచం ఆవిడ ఇలాగే మానేసింది. కొద్దిరోజులకే ఆ మంచం మీదకి కొత్తమనిషి వచ్చాడు. తలుపు దగ్గర నిలబడిన గంగులు పెళ్ళాం మరిడమ్మ క్యారేజీ నేలమీద పెట్టేసింది. ఉష ఏదో నచ్చజెప్పబోయింది. కృపానిధి మాస్టారు దేవుడి మాట ఎత్తారు. గంగులు వాళ్ళవైపు చూడనైనా లేదు.

నరసమ్మ ఓదార్పు మాటలేవీ చెప్పలేదు. అలాంటివి తనకెంతమంది చెప్పారో, అవి ఎంతవరకు పనిచేశాయో ఆవిడకి తెలుసు. కట్ట తెరిచి, ఆరోజు చదవాల్సిన చోటు తీసింది. బస్సు చంపావతి ఏటి ఒడ్డున కూలబడింది. డ్రైవరు కిందకి దూరి చూసి, కమాన్ కట్ట విరిగిందని, పెళ్ళికూతురికి పెట్టాల్సిన పట్టుచీరతో దాన్ని బిగించి కడతాడు. నరసమ్మ అక్కడ ఆగింది.

"ఒరే తమ్ముడా, నువ్వు డ్రైవరువి కదా. కమాన్ కట్టంటే ఏటి?"

గంగులు తల అటు తిప్పుకున్నాడు. ఆవిడ మళ్ళీ చదివింది, పట్టుచీర ముక్క దగ్గర గొంతు పెంచి. గంగులు తల ఇటు తిప్పాడు.

"సీరతో కట్టినాడా?"

"పట్టుసీరే."

"ఎవడాడు? ఆడికి లైసెన్సు ఎవడిచ్చినాడు? బండి బరువంతా మోసీ ఇనప పట్టీల కట్టని సీరతో కడతాడా? పది గజాలు ఎల్లదది!"

"ఎల్లినాదిరా. ఏరు దాటినాది."

"సచ్చినా దాటదు!"

కోపంతో లేవబోయాడు. మిషను కూసింది. ఆ వార్డులో నవ్వు కాకుండా కోపంతో మిషను కూయడం అదే మొదలు. ఉష వచ్చి సర్దింది. గంగులు మళ్ళీ పడుకుని అడిగాడు.

"ఇంతకీ పెళ్ళికి సేరినారా?"

"తెలీదురా. శనివారం సదవాల."

"సరే. బస్సు సేరేదాకా వస్తాను. ఆ మీద నన్నెవులూ ఆపకండి" అన్నాడు. అన్నది సరదాకి కాదు. ముప్పై ఏళ్ళు సరుకు మాటిచ్చిన చోటుకి చేర్చిన మనిషి ఎలా అంటాడో అలా అన్నాడు.

సాయంత్రం వెళ్ళేటప్పుడు మరిడమ్మ నరసమ్మ రెండో చెయ్యి పట్టుకుంది. "అమ్మా, ఆ బస్సుని బేగి సేర్సీయకమ్మా" అంది. నరసమ్మ నవ్వి తలూపింది. వార్డులో ఎవరికీ తెలియనిది ఆవిడకి తెలుసు. కట్ట చివర కథకి ముగింపు లేదు. పెళ్ళికూతురి ఊరికి కాస్త ఇవతల రైలుగేటు దగ్గర బస్సాగుతుంది. గేటు వేసి ఉంటుంది. కింద 'సశేషం' అని ఉంటుంది. అంతే.

అక్కడ్నుంచి నరసమ్మ పీనాసి అయిపోయింది. ఇదివరకు షిఫ్టుకి ఒక వారం భాగం చదివేది, ఇప్పుడు సగమే చదివేది. మధ్యలో గంగులు చేత బండి సంగతులు చెప్పించేది. గేరుబాక్సు గురించి అడిగితే అతను గంటసేపు చెప్పేవాడు. దుప్పటి మొహం మీదకి రావడం మానేసింది. నరసమ్మని అక్క వరస కలిపి 'అప్పా' అనడం మొదలుపెట్టాడు. ఎంత లాగినా పేజీలు అయిపోకుండా ఉంటాయా? ఓ శనివారం రైలుగేటు వచ్చేసింది.

ఆ ఆదివారం, సోమవారం నరసమ్మకి అన్నం సహించలేదు. పెరట్లో కొబ్బరిమట్టలు సర్దుతూ తనలో తను గొణుక్కుంటుంటే తిరుమలరావు చూసి, జబ్బు తలకెక్కిందేమోనని భయపడ్డాడు.

"ఏటి మాట్లాడుకుంటన్నావు?"

"గేటు దగ్గర ముసిలమ్మ ఎక్కినాది. టికెట్టు తియ్యనంటన్నాది. ఏటి సెయ్యమంటావు?"

తిరుమలరావు ఆవిడ చేతిలో మట్ట అందుకున్నాడు. "మా అమ్మయితే టికెట్టు తియ్యకపోగా, కిటికీ పక్క సీటడుగుతాది" అన్నాడు. నరసమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. ఇన్నేళ్ళ కాపురంలో ఈ మనిషికి ఇంత తెలుసని ఆవిడకి తెలియదు.

మంగళవారం పాతపేజీ తెరిచిపెట్టుకుని, చదువుతున్నట్టే నటిస్తూ, చచ్చిపోయిన తన అత్తగారిని గవరయ్య బస్సు ఎక్కించింది. అత్తగారు కిటికీ పక్కన కూర్చుని, పెళ్ళికొడుకుని పరీక్షగా చూసి, "ఈ గుంటడికి పెళ్ళికంటే ముందు పసరుమందు వెయ్యాల" అని బస్సు దింపి, పసరు మింగించి మళ్ళీ ఎక్కించింది. వార్డంతా నవ్వింది. రెండు మిషన్లు ఒకేసారి కూశాయి. నరసమ్మ మాత్రం నవ్వలేదు. ఇంతకాలం ఇంకొకరు రాసింది చదివి నవ్వడమే తెలుసు. నవ్వించేవాడి అవస్థ ఆ రోజే తెలిసింది. ప్రతి వారం పత్రికకి నవ్వు పంపాలంటే, సోమలింగానికి నవ్వురాని వారాలు ఎన్ని ఉండేవో! ఇంట్లో ఎవరికి జ్వరమో, తనకేం దిగులో, ఒక్క పేజీలోనైనా తెలియనిచ్చాడా? ఆ లావు కళ్ళద్దాల ఫోటో మీద ఆవిడకి ఇదివరకు ఇష్టం మాత్రమే ఉండేది. ఆ రోజునుంచి గౌరవం పుట్టింది. ఏదీ తోచని రోజుల్లో, "నువ్వయితే ఏటి సేసీవోడివి మావా?" అని ఆ ఫోటోనే అడిగేది.

అలా బస్సు నడిచింది. జీడిపిక్కల ఫ్యాక్టరీ ఆడవాళ్ళు ఎక్కారు, దిగారు. చేపలబుట్టతో ఒకావిడ ఎక్కి, పురోహితుడి పక్కనే చోటు చేసుకుంది. ఒక హెడ్మాస్టరు ఎక్కి, పెళ్ళివారందర్నీ వరసలో నిలబెట్టి హాజరు పిలిచాడు. ఆ భాగం విన్నాక కృపానిధి మాస్టారు కళ్ళజోడు తుడుచుకుంటూ, "ఈ సోమలింగం గారు ఎప్పుడైనా మా స్కూలు వైపు వచ్చారా అమ్మా?" అని అనుమానంగా అడిగారు. ఇంకోరోజు నరసమ్మ పరాకున, పెళ్ళికొడుకు మేనమామ చేత జేబులోంచి సెల్‌ఫోన్ తీయించింది. తీయించాక నాలిక్కరుచుకుంది.

"ఆ రోజుల్లో సెల్లేమిటమ్మా?" అన్నారు మాస్టారు.

గంగులే గదమాయించాడు. "సదివీవోళ్ళకి తెలుస్తాదా, ఇనీవోళ్ళకి తెలుస్తాదా? ఊరుకోండి మాస్టారూ. అప్పా, నువ్వు సదువు."

వానలు పట్టాక నరసమ్మకి జ్వరమొచ్చింది. ఆ వెంటనే సూదులు పెట్టే చేతిలో రక్తం గడ్డకట్టి, శ్రీకాకుళం తీసుకెళ్ళి మెడదగ్గర గొట్టం వేయించాల్సివచ్చింది. కొన్ని షిఫ్టులు అక్కడే అయ్యాయి. పడుకున్నంతసేపూ ఆవిడకి తన మెడ నొప్పికంటే గంగులు మంచమే కళ్ళముందుండేది. బస్సు రైలుగేటు దాటి ఒక మామిడితోటలో ఆగి ఉంది. అది కదలకపోతే అతను వస్తాడా? ఎవరికైనా ఫోన్ చేసి అడుగుదామంటే, వినాల్సివచ్చే జవాబుకి భయమేసింది. తిరిగొచ్చిన మంగళవారం, వార్డు తలుపు దగ్గర ఆగి, ముందు పక్కమంచం చూసింది. గంగులు ఉన్నాడు. చిక్కిపోయాడు గానీ ఉన్నాడు.

"వచ్చినావా అప్పా? మామిడితోటలో దోమలు తినెత్తన్నాయి. బేగి కదుపు" అన్నాడు.

నరసమ్మ మంచమెక్కింది. కట్ట తెరిచింది. నోరు తెరిచింది. మాట రాలేదు. ఎంత వెతుక్కున్నా ఆవిడ దగ్గర ఒక్క ఊరు మిగల్లేదు, ఒక్క మనిషి మిగల్లేదు, ఒక్క తిట్టు కూడా మిగల్లేదు. జ్వరం అన్నీ ఊడ్చుకుపోయింది. ఫోటోలో సోమలింగం వైపు చూసింది. ఆయనా ఏం చెప్పలేదు. కళ్ళనీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండా, పక్కమంచానికి మాత్రమే వినపడేలా అంది.

"ఒరే గంగులూ, ఇందులో ఏటీ నేదురా. పేజీలు ఎప్పుడో అయిపోనాయి. గేటు కాడి నుంచి నానే కల్పించి సెప్తన్నాను."

"తెలుసప్పా."

"తెలుసా?"

"బస్సు మీద మేకలెక్కిన బొమ్మున్న అదే పేజీ ఎన్నిసార్లు తిప్పినావు? నా మంచం నుంచి కనపడదేటి? మీ అత్తని ఎక్కించిన దినమే తెలిసిపోనాది."

"మరి సెప్పలేదేటి?"

"సెప్తే ఆపీస్తావు కదా."

కృపానిధి మాస్టారు బైబిల్లోకి తల దించుకున్నారు. ఆయనకీ తెలుసని ఆ దించుకోవడంలోనే తెలిసింది.

"అప్పా" అన్నాడు గంగులు. "ఈ దినం బస్సుని సేర్సీ."

"సేర్సను."

"ఆ పిల్ల ఎన్నాళ్ళు పీటలమీద కూకుంటాది? సేర్సీ అప్పా."

"సేర్సనంటే సేర్సను! నానేటీ సెప్పలేకపోతే మానీస్తాను గానీ సేర్సను. బస్సు సేరితే రానన్నావు నువ్వు. మాటంటే తప్పీవోడివి కాదు. నాకు తెలీదేటి?"

గొంతు వార్డంతా వినపడింది. ఇన్ని నెలలుగా ఆ బస్సు ఎందుకు చేరలేదో అందరికీ తెలిసిందే గానీ, ఇలా ఒకరు పైకి అనడం ఇదే మొదటిసారి. మనిషిని బతికించడానికి ఒక ఆడమనిషి ఒంట్లో ఓపిక లేకపోయినా ఊళ్ళకి ఊళ్ళు కల్పించింది. ఇంతకంటే గొప్పపని చేసినవాళ్ళుంటే ఉండొచ్చు. ఆ వార్డు మాత్రం చూడలేదు.

గంగులు నవ్వాడు. చప్పుడు కాకుండా, మొహమంతా నవ్వాడు.

"నువ్వెప్పుడైనా బండి తోలినావా అప్పా? సేరిపోతే పనైపోనాదనుకుంటన్నావు. పెళ్ళికెళ్ళిన బస్సు అక్కడే ఉండిపోతాదేటి? పెళ్ళికూతుర్ని ఎక్కించుకుని ఇంటికి రావద్దా?"

నరసమ్మకి ఆ మాట ఎక్కడానికి కొంచెంసేపు పట్టింది. ఎక్కాక మెడదగ్గర గొట్టం ఉందని మరిచిపోయి నవ్వబోయింది. ఉష అరిచింది. నవ్వు మింగి, కట్ట మూసి పక్కన పెట్టి, మొదటిసారిగా పేజీలు లేకుండా అందరికీ వినపడేలా చెప్పింది. మామిడితోటలోంచి బస్సు కదిలింది. పెళ్ళికూతురి ఊరి పొలిమేరలో హారన్ కొట్టింది. గవరయ్య ముందు దిగి, పెళ్ళికూతురి తండ్రి కాళ్ళమీద పడబోతే, ఆయనే గవరయ్య కాళ్ళమీద పడ్డాడు. వండిన వంటలు మూడుసార్లు పాచిపోయాయట. నాలుగోసారి పొయ్యి ఇప్పుడే వెలిగిందట. భోజనాలకింకా వేళ కాలేదు, కాస్త ఆలస్యంగా రాకూడదా అని బతిమాలాడట. కృపానిధి మాస్టారు పొట్ట పట్టుకున్నారు. పెళ్ళికొడుకు టోపీలోంచి బాసికం తీసి కట్టుకుంటే, ముత్తయిదువలకంటే ముందు వార్డులో మగవాళ్ళు చప్పట్లు కొట్టారు, ఖాళీగా ఉన్న ఒక్క చేత్తో తొడమీద.

షిఫ్టయ్యాక గంగులుకి సూదులు తీసి, చేతికి పట్టీ వేశారు. అతన్ని పట్టుకెళ్ళడానికి మరిడమ్మ లోపలికొచ్చింది. గంగులుకి అవతలి మంచం మీదకి ఈమధ్యే వచ్చిన ముసలాయన సంబరంగా ఆవిడతో అనేశాడు.

"అమ్మీ, బస్సు సేరిపోనాది! పెళ్ళయిపోనాది!"

మరిడమ్మ మొహం పాలిపోయింది. నరసమ్మ వైపు చూసింది, మొగుడి వైపు చూసింది, చేతిలో తువ్వాలు నలిపేసింది.

"ఏటలగ సూస్తన్నావు?" అన్నాడు గంగులు చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ. "గురువారం తిరుగుపయనం. ఈ గవరయ్య డ్రైవరు పనికిరాడు. ఈపాలి నానే తోల్తాను, అప్ప సెప్తాది. సానా దూరం ఉన్నాది. బేగి అన్నం వండు."